మా మేనత్త అడిగే వరుస

మా మేనత్త పోయిందన్న కబురు మా తమ్ముడి కొడుకు తెచ్చాడు. షాద్‌నగర్‌లో మా ఇంట్లో సాయంత్రం దేవుని ముందు దీపం పెట్టి లేచాను. వాడు వాకిట్లో నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా అన్నాడు: "అత్తా, అవ్వ పోయింది. పొద్దుగాల అంబలి తాగి ఎండకు కూసున్నది. కూసున్నది కూసున్నట్టే పోయింది." దీపం వైపు తిరిగి మళ్లీ ఒకసారి దండం పెట్టుకున్నాను. అంత నెమ్మదిగా తీసుకుపోయినందుకు.

దినాల నాడు వచ్చిన చుట్టాలందరూ ఒకే మాట అన్నారు. ఆమె మంచి సలహాలు చెప్పేదట. ఆమె చెప్పినట్టు చేసినవాళ్లు చెడిపోలేదట. అభిమానంతో అన్న మాటలే అయినా ఆమె సంగతి అది కాదని నాకు తెలుసు. నేను పదిమందిలో గొంతెత్తే మనిషిని కాదు. మెట్రిక్ దాకా చదివాను కనుక రాయడం వచ్చు. అందుకే ఇన్నాళ్లకు కలం పట్టుకున్నాను. మా మేనత్త సలహా చెప్పిన సందర్భాలు తక్కువ. ఆమెకు తెలిసింది అడగడం. ఆ పని అంత బాగా తెలిసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆమె మా బాపుకు అక్క, మా పెద్దనాయినకు చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోతే కొల్లాపూర్ దగ్గర మా ఊరికే వచ్చేసింది. మేము కురుమలం. మగవాళ్లు గొర్రెలు మేపి, గొంగళ్లు నేసేవాళ్లు. ఆడవాళ్లం ఉన్ని వడికేవాళ్లం. అత్త చేతిలో ఎప్పుడూ కదురు ఉండేది. ఊళ్లో ఎవరికి ఏ ఇరకాటం వచ్చినా మా అరుగు మీదికి వచ్చేవారు. అత్త నల్ల గొంగడి పరిచి, నీళ్ల చెంబు ముందు పెట్టి, కదురు తిప్పుతూ మొదట ఒకటే అడిగేది: "అడగనీకొచ్చినవా, చెప్పనీకొచ్చినవా?"

మొదటిసారి విన్నవాళ్లు బిత్తరపోయేవారు. పెరట్లో కొత్త గోడ పెట్టాలని వచ్చిన మా పక్కింటాయన ఒకసారి నీళ్లు తాగుతూ నిజం ఒప్పుకున్నాడు. "చెప్పనీకే వచ్చినక్కా. రాళ్లు గూడ తెచ్చిన. నువ్వు సరే అంటే ఇంట్ల మా ఆడామె ఊకుంటదని."

"మరి నా దగ్గర కూసుంటివేంది? పోయి ఆమె దగ్గర కూసో. వంట జేసేటామెకు గోడ అడ్డమో కాదో నాకేం ఎరుక?"

చాలామందికి అడగడమంటే తాము అనుకున్న మాటకు ఇంకొకరి చేత ఊ కొట్టించుకోవడమే. అత్త దానిని అడగడం కింద లెక్కపెట్టేది కాదు. మేము ఏ పని తలపెట్టినా మా కులదేవుడు బీరప్ప ముందు కూర్చుని, దేవుడి మీద పువ్వు పెట్టి, అది కుడికి పడుతుందా ఎడమకు పడుతుందా అని చూస్తాం. ఒక్కోసారి పొద్దు నెత్తి మీదికి వచ్చినా పువ్వు కదలదు. ఎవరూ లేవరు. అత్త అనేది: "దేవుణ్ణడిగితే పువ్వు పడేదాక కూసుంటరు. మనిషినడిగితే నోరు తెరవకముందే లేస్తరు."

ఆమె పద్ధతి ఇంకొకటి ఉంది. మా ఇళ్లలో ఏదైనా తేల్చాలంటే మొదట ఇంటి పెద్దను అడుగుతారు. పెద్ద ఒక మాట అన్నాక తక్కినవాళ్లు తల ఊపుతారు. దానికి మర్యాద అని పేరు. అత్త వరుస కింది నుంచి మొదలయ్యేది. అందరికంటే చిన్నవాళ్లను ముందు అడిగి, తన మాట ఆఖరున చెప్పేది. ఆ వరుస మా ఇంటిని నిలబెట్టిన సంగతి చెప్తాను.

నిజాం పాలన ఇంకా ఉన్న రోజులు. నాకు పదకొండో పన్నెండో ఏళ్లు. ఆ యేడు వానలు మొకం చాటేశాయి. గడ్డి లేదు, చెలమల్లో నీళ్లు లేవు. మందను కృష్ణ దాటించి, ఆ ఒడ్డున ఇంగ్లీషు సర్కారు వైపు నల్లమలకు తోలుకుపోవడం ఒక్కటే దారి. ఆ మంద పోతే మాకు వేరే ఆధారం లేదు. మాకు గజం భూమి లేదు.

పెద్దనాయిన అరుగు మీద కూర్చుని మీసం దువ్వుకుంటూ అన్నాడు. "ఏరు ఎండింది. మన రేవుల మోకాల్లోతు గూడ లేదు. ఏకువన మందను దించుదం. ఏమంటవ్ చెల్లె?"

అత్త కదురు ఆపలేదు. "అడగనీకొచ్చినవా అన్నా, చెప్పనీకొచ్చినవా?"

"అడగనీకే."

"అయితే గా తలుపెనుక నిలబడ్డ పిల్లను అడుగు ముందు."

తలుపు వెనుక ఉన్నది మా చిన్నమ్మ. మా చిన్నాయినను చేసుకుని కొత్తగా కాపురానికి వచ్చింది. కొత్త కోడలు బావగారి ముందుకు రాదు, ఆయనతో మాట్లాడదు. పెద్దనాయిన నవ్వాడు.

"మొన్నొచ్చిన పిల్లకు మంద సంగతి ఏమెరుక?"

"అడిగితే గద ఎరుకయ్యేది."

బాపు అందుకున్నాడు. "ఇంట్ల మస్తు మాట్లాడ్తదంట. తమ్ముని మొకం చూస్తే తెలుస్తలేదా, పాపం నోరు మూతబడ్డది." అందరూ నవ్వారు. చిన్నాయిన తల దించుకుని గొంగడి పోగులు లాగుతూ కూర్చున్నాడు.

చిన్నమ్మ తలుపు చాటు నుంచే, గోడవైపు చూస్తూ, అత్తతో చెప్పింది. "వదినె, మా అవ్వగారి ఊరు, నేను పుట్టి పెరిగింది, ఏటొడ్డుకే. ఏరు ఎండినంక గీ రేవుల ఊబి ఉంటది. మీద ఇసుక గట్టిగనే కనపడ్తది. కింద బురద. మా ఊరి రేవుల అంత బండ. దూరమే, కని కాలు దిగబడదు."

"గంత దూరం నడిస్తే గొర్రెపిల్లలు తొవ్వలనే పడ్తయి" అన్నాడు పెద్దనాయిన. అదీ నిజమే. జీవాలకు అప్పటికే డొక్కలు తేలాయి.

అత్త ఆ తర్వాత చిన్నాయినను అడిగింది, ఆ తర్వాత బాపును. చిన్నమ్మ మాట విన్నాక ఇద్దరికీ దగ్గర రేవు మీద అనుమానం పుట్టింది. పెద్దనాయిన మాత్రం పట్టు విడవలేదు. అప్పుడు అత్త కదురు ఒడిలో పెట్టుకుని అంది. "నేను గూడ దగ్గర రేవే అనుకున్నన్నా."

"మరి ముందుగాలనే అనరాదా?"

"నువ్వు నేను ఒకటే మాటంటే గా పిల్ల నోరు తెరుస్తుండెనా? కర్ర తీసుకోని పోయి చూసి రా. నీకే ఎరుకైతది."

పెద్దనాయిన కర్ర తీసుకుని విసురుగా దిగిపోయాడు. పొద్దు వాలే వేళకు తిరిగి వచ్చాడు. కర్ర నిండా, పట్టుకునే చోటు దాకా, నల్లటి బురద. దాన్ని గోడకు ఆనించి, చెంబు ఎత్తి నీళ్లు తాగి, తలుపు వైపు చూశాడు.

"బండ రేవుకు తొవ్వ ఎటుకెల్లి అమ్మా?"

చిన్నమ్మతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. నేను అత్త పక్కనే కూర్చుని ఉన్నాను. అత్త మొకంలో గెలిచిన కళ వెతికాను. కనబడలేదు. ఆమె కదురు తిప్పుతోంది. ఏకువన మందను బండ రేవుకు తోలారు, నడవలేని గొర్రెపిల్లలను గొంగళ్లలో మూటగట్టి భుజాన మోశారు. దారిలో కొన్ని పోయాయి. మంద మాత్రం ఆ ఒడ్డు చేరింది. ఆ తర్వాత పెద్దనాయిన బతికినన్నాళ్లు మంద కదిలించే ముందు చిన్నమ్మను అడగకుండా ఉండలేదు.

నా చదువు కూడా ఆ గొంగడి మీదనే తేలింది. పాఠాలన్నీ ఉర్దూలో చెప్పే కొల్లాపూర్ బడికి నన్ను తోలాలా వద్దా అని బాపు వచ్చి అడిగితే అత్త విసుక్కుంది. "బడికి పోయేది నేనా? దాన్నడుగు."

నేను గొణిగాను. "పోత. కని ఉర్దూ రాదు."

"రాదనే గదనే పోయేది" అంది అత్త. ఈ కాగితం మీద నేను రాసే ప్రతి అక్షరం వెనుక ఆ మాట ఉంది. ఆ భగవంతుడు నాకు చాలా ఇచ్చాడు. అలాంటి మేనత్తను ఇచ్చాడని చెప్పుకోవడం నాకు గొప్ప.

కబురు విని నేను ఊరు చేరేసరికి, అత్తను ఎక్కడ మట్టిలో పెట్టాలన్న దగ్గర మా వాళ్లలో మాట తేడా వచ్చింది. భర్త ఊరికి తీసుకుపోవాలని కొందరు, పెద్దనాయిన పక్కన పెట్టాలని కొందరు. గొంతులు లేచాయి. బాపు ఇప్పుడు బాగా ముసలివాడు, చూపు ఆనదు. చేత్తో తడుముకుని అత్త గొంగడి అంచు పట్టుకుని అన్నాడు.

"జర ఆగుండ్రి. తలుపుకాడ ఎవరున్నరు? చిన్నకోడలేనా? దాన్నడిగిన్రా?"

అందరూ తలుపు వైపు తిరిగారు. ఆఖరు రోజుల్లో అత్తకు అంబలి తాగించింది ఆ పిల్లే, మా తమ్ముడి కోడలు. కొంగు సర్దుకుని, నేల చూస్తూ చెప్పింది.

"ఒకనాడు నేనే అడిగిన, అవ్వా నిన్నేడ పెట్టమంటవని. ఎవ్వరడగకపోతిరి, నువ్వన్న అడిగినవే అని నవ్వింది. గొర్లదొడ్డి పక్కన, మంద పోయే తొవ్వ కనపడేటట్టు పెట్టమన్నది."

జీవితమంతా ఊరంతా ఆమెను అడిగింది. ఆమెకేం కావాలో అడిగింది ఆ పిల్ల ఒక్కతే. దొడ్డి పక్కనే పెట్టాం.

అత్త గొంగడి బాపు నాకిచ్చాడు. ఇది చదివే మా ఇంటి పిల్లలారా, ఈ కాగితాలను దాని మడతలో దాచి ఉంచండి. బయట ఎవరికీ చూపవద్దు. ఆమె గురించి పదిమందిలో చెప్పుకోవడం ఆమెకు నచ్చేది కాదు. గొంగడిని మాత్రం మడతలోనే ఉంచకండి. ఇంట్లో ఏదైనా తేల్చుకోవలసి వచ్చిన నాడు దాన్ని అరుగు మీద పరిచి, నీళ్ల చెంబు పెట్టి, తలుపు దగ్గర నిలబడ్డవాళ్లను ముందు కూర్చోబెట్టండి.