ప్రొటెం గారి పక్క కుర్చీ

మాచర్ల వైపు ఒక మండలంలో నేను డిప్యూటీ తహసీల్దారుగా ఉండగా, ఒక జూలై నెలలో మా తహసీల్దారు గారు బదిలీ అయ్యారు. కొత్తవారు వచ్చేదాకా ఆ బాధ్యత కూడా చూడమని నాకు ఉత్తర్వు వచ్చింది. మా రెవెన్యూలో దీన్ని పూర్తి అదనపు బాధ్యత అంటారు, జనం ఇన్‌చార్జి అంటారు. మా సీనియర్ అసిస్టెంటు రమణయ్య మాత్రం నన్ను ‘ప్రొటెం గారు’ అనేవాడు. లాటిన్‌లో ప్రొ టెంపొరే అంటే ప్రస్తుతానికి అని. అసెంబ్లీలో కొత్త సభ్యుల చేత ప్రమాణం చేయించి, స్పీకరు ఎన్నిక కాగానే లేచిపోయే పెద్దమనిషికి ఆ పేరు.

ఇన్‌చార్జి అసలు కుర్చీలో కూర్చోకూడదని మాలో ఒక పట్టింపు ఉండేది. రాసిన రూలేమీ కాదు. కొత్తగా వచ్చే అధికారి చెవిన పడితే మనసులో పెట్టుకుంటాడని భయం, అంతే. తెల్ల టవలు వేసిన ఆ కుర్చీని ఖాళీగా వదిలి, పక్కన ఓ మూలగా చెక్క కుర్చీ వేసుకున్నాను. నా వినయం చూసి నాకే ముచ్చటేసింది.

ఆ వారంలోనే కోటమ్మ అనే ఆవిడ ఆదాయ ధ్రువపత్రం కోసం పెట్టిన దరఖాస్తు నా ముందుకొచ్చింది. ఆమె కూతురికి కాలేజీలో ఫీజు రాయితీ రావాలంటే ఆ పత్రం ఉండాలి. పొలం వివరాలు తేలక, తహసీల్దారు ఎదుట హాజరు కావాలని నోటీసు పంపాను. మూడు రోజులైనా రాలేదు. ఎంత నిర్లక్ష్యమని విసుక్కుంటూ, నాలుగో రోజు తిరస్కరించడానికి కలం తీశాను.

అప్పుడే గుమ్మం దగ్గర కేక వినబడింది.

“ఇయ్యాల కూడా రాలేదా మీ సారు? మూడు రోజుల్నించి తిరుగుతుండా. రేపటితో గడువైపోద్ది, నా బిడ్డ చదువేం గాను?”

అటెండరు శాంతంగా, “తాసిల్దారు గారు లేరమ్మా, కుర్చీ ఖాళీగానే ఉందిగా, నువ్వే చూడు,” అన్నాడు. అబద్ధం ఒక్క ముక్క లేదు.

నేను లేచి వెళ్ళి, కోటమ్మకు నోటీసు పంపిన ఇన్‌చార్జిని నేనేనని చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

“నువ్వేనా? మరి ఆ మూల కూచున్నావేంది అయ్యా? గుమాస్తా అనుకున్నా.”

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. రమణయ్య ఫైలులోంచి తలెత్తకుండానే, ప్రొటెం స్పీకరు కూడా స్పీకరు కుర్చీలోనే కూర్చుంటాడు గదండీ అన్నాడు. నేను వెళ్ళి టవలు మీద కూర్చుని, ఆమె చెప్పింది విని, పాసుపుస్తకం చూసి, ఆ సాయంత్రానికే పత్రం ఇప్పించాను. మర్నాడు కాలేజీలో అది చెల్లింది.

పదిహేను రోజులకు కొత్త తహసీల్దారు వచ్చి, ముందుగా టవలు మార్పించారు. నన్నేమీ అనలేదు. తర్వాత ఇంకో రెండు చోట్ల ఇన్‌చార్జిగా చేశాను. రెండు చోట్లా మొదటి రోజే వెళ్ళి గుమ్మంలోకి కనిపించే కుర్చీలో కూర్చున్నాను. టవలుదేముంది, వచ్చినాయన మార్చుకుంటాడు.