ఏడున్నరకి లేచిన గీత

సహోదరులారా, నా కూతురు కరుణ మెడికల్ కాలేజీ రెండో సంవత్సరంలో ఉండగా ఒక మధ్యాహ్నం పెట్టె పట్టుకుని మా ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టరుకి వచ్చేసి, "నానింక ఆ కాలేజీకి ఎల్లనమ్మా" అని గోడవైపు తిరిగి పడుకుంది! అన్నం ముట్టదు, నిద్ర లేదు, దువ్వితే జుట్టు చేతికి వస్తోంది, ఎవరు తలుపు కొట్టినా ఉలిక్కిపడుతోంది. చదువు పోతే పోయింది, పిల్ల దక్కుతుందా అని భయం పట్టుకుంది.

మీకు తెలియనిదేముంది, మా సందులోంచి డాక్టరు చదువుకి వెళ్ళిన మొదటి పిల్ల నా కూతురే, వర్క్‌షాపు ఫిట్టరు కూతురు, ఆ సంగతి ప్రతి ఆదివారమూ ఈ చర్చిలోనే నిలబడి చెప్పాను, పూరీ గేట్ దగ్గర కూరలమ్మే బెంగాలీ దాదాకి కూడా వంకాయలు ఏరుతూ చెప్పాను. ఆయన అడగలేదు.

అలాంటి పిల్ల పడుకుంటే నేనేం చేశాను? సోమరి ఆత్మ పట్టిందన్నాను, స్త్రీల కూడిక వాళ్ళందరినీ పిలిచి మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టాను, "ప్రభువా, నా బిడ్డను పీడిస్తున్నదేదో బయటపెట్టు, దాని పేరు చెప్పు" అని గొంతు పోయేలా మొరపెట్టాను. దేవుడు విన్నాడు సహోదరులారా, విని నా పేరే చెప్పాడు!

ఎలాగంటే, మూడో రోజు అందరూ వెళ్ళాక కరుణ లేచి వచ్చి తన ఫోను నా ఒళ్ళో పెట్టింది. వాళ్ళ కాలేజీలో ఒక డాక్టరు మేడమ్, పిల్లలు చదువు భారంతో నలిగిపోతున్నారని, ఇష్టపడ్డవాళ్ళ చేతికి గడియారంలాంటి నల్ల బ్యాండు ఒకటి కట్టిందట. అది గుండె కొట్టుకోవడం, నిద్ర అన్నీ లెక్కపెట్టి, మనిషి ఎప్పుడెంత ఒత్తిడిలో ఉందో ఫోనులో గీత గీసి చూపిస్తుంది. పరీక్షరోజు గీత లేచింది, శవాలు కోసే గదిలో లేచింది, కానీ అన్నిటికంటే ఎత్తుగా రోజూ సాయంత్రం ఏడున్నరకి లేచింది! ఆ వేళకి ఏం జరుగుతోందని మేడమ్ అడిగితే నా బిడ్డ ఏడ్చేసిందట, కొన్నాళ్ళు సెలవు పెట్టి ఇంటికి వెళ్ళమని ఆవిడే పంపింది.

ఏడున్నర అంటే మా ఇంట్లో ప్రార్థన ముగిసే వేళ. పదిహేనుమంది ఆడవాళ్ళు కూర్చుని ఉండగా కరుణకి ఫోన్ చేసి స్పీకరులో పెట్టి, ఈ పరీక్షలో ఎన్ని వచ్చాయి, నీకంటే ఎవరికి ఎక్కువ వచ్చాయి అని అందరికీ వినబడేలా అడిగి, చివర "ప్రార్థన సెయ్యి డాక్టరమ్మా" అనేదాన్ని. రోజూ!

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏటే ఈ దెయ్యపు గడియారం, తీసి పారేసీ!" అని అరిచాను. నా మాటకి ఎన్నడూ ఎదురు చెప్పని మా ఆయన అప్పుడు నోరు విప్పాడు. "ఒలే, కొలిచి సెప్పే గేజీ మీద కోపమెందుకే? నువ్వు వంటింట్లోంచి ఫోన్ సెయ్యి, సూద్దాం."

చేశాను. పిల్ల ముందు గదిలో నాన్న పక్కనే కూర్చుంది, చేసేది నేనేనని తెలుసు, ఉత్త పరీక్షేనని తెలుసు. అయినా మా ఆయన బ్యాండు చూసి అంకెలు చదువుతున్నాడు, డెబ్బై ఎనిమిది, తొంభై నాలుగు, నూట పన్నెండు, తర్వాత అంకె చదవకుండా కేకేశాడు. "ఆపీయే, ఇంకా పెరుగుతంది."

పొయ్యి ముందే మోకాళ్ళ మీద పడ్డాను. "ప్రభువా, బిడ్డ నీదేనని నీకు అప్పగించి, మళ్ళీ నేనే లాక్కుని స్పీకరులో వాయించాను, ఈ పొగరు నాలోంచి తీసెయ్యి" అని ఏడ్చాను. తాగుడు మానినవాళ్ళ సాక్ష్యాలు ఇక్కడ చాలా విన్నాం, నాదీ అలాంటిదే, ఏడున్నర అయ్యేసరికి చేతులు ఫోను కోసం లాగేవి, చేతులు జోడించి కూర్చునేదాన్ని. దేవుడు విడిపించాడు!

కరుణ తిని, పడుకుని, మేడమ్ చెప్పిన మనసు డాక్టరుతో మాట్లాడి, తన ఇష్టంతోనే తిరిగి వెళ్ళింది. ఇప్పుడు తనే ఫోన్ చేస్తుంది, మెస్‌లో పప్పు నీళ్ళలా ఉందంటుంది, పక్క మంచం పిల్ల గురకపెడుతోందంటుంది. మొన్న నాతో మాట్లాడినంతసేపటి గీత పంపింది, ఎక్కడా లేవలేదు, సాపుగా ఉంది! చెమ్మగిల్లిన కళ్ళతో దాన్ని సందంతా చూపించాను, కూరల దాదాకీ చూపించాను. పొగరు పూర్తిగా పోయిందని నేను చెప్పడం లేదు.

పిల్లల్ని దేవుని చేతిలో పెట్టామనే తల్లులారా, పెట్టాక మీ చెయ్యి తీసెయ్యండి, ఆయన జారవిడవడు, నమ్మి చూడండి. పోయిన వారం కరుణ పరీక్షా ఫలితాలు వచ్చాయట. ఎన్ని మార్కులని బయటికి వెళ్ళగానే మీరు నన్ను అడుగుతారు. నాకు తెలియదు, నేను అడగలేదు! దేవునికే మహిమ!