రాజలింగు జడ

రాజలింగు జుట్టు నడుము దాటి ఉండేది. తర్లగూడ భాగోతుల మేళంలో పంతొమ్మిదేళ్ళ ఆ కుర్రాడే ఆడవేషం కట్టేవాడు. వేషం లేని రోజున కూడా తలకు ఇప్పనూనె రాసి జడ అల్లుకునేవాడు. ఎక్కడ కూర్చోబోయినా ముందు జడను భుజం మీదుగా ఒళ్ళోకి తెచ్చుకునేవాడు. ఆటకు ముట్టేవి జొన్నలూ పాత పంచెలూ. ఆ జొన్నలు ఎండాకాలం దాటేవి కావు. అందుకే బస్తరు సంస్థానం వాళ్ళు అడవి దారిలో బళ్ళను ఆపి చూసే నాకాలో జవాను కొలువు ఇస్తామనగానే తల్లి సోమక్క పట్టుపట్టింది. క్రాపు చేయించుకోవాలన్నదొక్కటే వాళ్ళ షరతు.

“జుట్టు మళ్ళ మొలుస్తది బిడ్డా, నౌకరీ మొలుస్తదా?” అన్నది.

“మొలిచినప్పుడల్లా కొయ్యాల్నట గదనే,” అన్నాడు రాజలింగు. అని, మంగలి ముందు తల వంచాడు. కోసిన జడ చేతికి తీసుకుంటే తల మీద ఉన్నప్పటికంటే బరువుగా తోచింది. దాన్ని తనే సవరంగా కట్టి, తన వేషం తీసుకున్న ఎర్రయ్యకు ఇచ్చాడు.

పంటలు ఇళ్ళకు చేరాక నాకా ఎదుటే ఆట పడింది. రాజలింగు ఖాకీ చొక్కాతో జనం వెనక నిలబడి చూశాడు. రాణి వేషంలో ఉన్న ఎర్రయ్య జడ సంగతి మరిచి పీట మీద కూర్చోబోయాడు. ఇక్కడ రాజలింగు చెయ్యి వెనక్కి పోయి, మెడ మీద తడిమి, ఏమీ లేనిదాన్ని మెల్లగా భుజం మీదుగా ముందుకు తెచ్చింది.