గిద్దలూరుకు తీసుకుపోయిన ప్యాచ్

ఆ ప్యాచ్, అంటే మా కోడ్‌కు ఎవరో పంపిన మార్పు, నాకు ఒక మంగళవారం పొద్దున వచ్చింది. మార్కాపురంలో మా ఇంటి మేడమీద గదే నా ఆఫీసు. కరోనా రోజుల్లో బెంగళూరు వదిలి వచ్చినదాన్ని. కంపెనీవాళ్లు మళ్లీ రమ్మనలేదు, నేనూ ఆ మాట ఎత్తలేదు. వంట ముగించుకుని పైకి పోయి ల్యాప్‌టాప్ తెరిస్తే, ఏ దేశంలోనో ఎవరో పంపిన మార్పులు వరసగా కూర్చుని ఉంటాయి. అవి చదివి, తప్పుంటే చెప్పి, బాగుంటే కానియ్యమనడం నా పని.

మేము చేసేది ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్. లోపలిదానికి తాను ఇంకొకరి ఇంట్లో ఉన్నట్టు తెలియదు. మెమరీ అంతా తనదే, సున్నా నుంచి మొదలైందనే అనుకుంటుంది. ఫలానా అడ్రస్ నుంచి ఇంత పొడవు చదవాలని అది అడిగితే, ఆ చోటు నిజంగా దానిదేనా, హద్దు దాటుతోందా అని మా కోడ్ చూడాలి. ఆ చూడడంలో పొరపాటు జరిగితే లోపలిది పోయి పక్కవాళ్ల మెమరీలో చెయ్యి పెడుతుంది.

ఆ రోజు వచ్చిన మార్పు సరిగ్గా ఆ హద్దు చూసే కోడ్ ముక్కకే; దాన్ని ఫంక్షన్ అంటాం. పంపినవాడు కొత్తవాడు, అతని పేరు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అతను పట్టిన తప్పు మాత్రం నిజమైనదే. పాత కోడ్ అడ్రస్‌కు పొడవు కూడి, వచ్చిన అంకె హద్దు లోపల ఉందా అని చూస్తుంది. అడ్రస్ మరీ పెద్దదైతే, బండి మీటరులో తొమ్మిదులన్నీ నిండినాక సున్నాలకు తిరిగినట్టు, ఆ కూడిక చిన్న అంకెగా మారిపోతుంది. చిన్నదే కదా అని కోడ్ లోపలికి వదిలేస్తుంది. కొత్తవాడు కూడిక తీసేసి తీసివేత పెట్టినాడు. హద్దులోంచి అడ్రస్ తీసేస్తే ఎంత చోటు మిగిలింది, అడిగిన పొడవు అందులో పడుతుందా అని. నాలుగైదు లైన్ల మార్పు, శుభ్రంగా ఉంది. కానియ్యమని ఒక మాట రాస్తే సరిపోయేది.

రాయలేకపోయినాను. అతను కొట్టేసిన లైన్ల పైన ఒక కామెంట్, చదివేవాళ్ల కోసం రాసిపెట్టిన మాట, ఉంది. ‘ఇక్కడ వరస మార్చవద్దు, కారణం ఉంది’ అని ఇంగ్లీషులో. ఆ కామెంటూ ఆ ఫంక్షనూ రాసింది నా స్నేహితురాలు. కారణం ఏందో మాత్రం రాయలేదు.

ఆమెది గిద్దలూరు. ఇంటర్‌లో నా పక్క బెంచీ. తర్వాత ఇంజనీరింగూ, బెంగళూరులో మొదటి ఉద్యోగమూ ఒక్కచోటే దొరికినాయి మాకు. ఇద్దరం ఒకే టీములో ఒకే స్క్రీన్ ముందర రెండు కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లం. ఆమెకు కోడ్ పైకి చదవడం అలవాటు. మనసులో చదివితే కళ్లు అబద్ధం చెప్తాయే అనేది. చుట్టుపక్కలవాళ్లు నవ్వేవాళ్లు, నాకు సిగ్గేసేది. అట్ల ఆమె చదువుతుంటే నేను వింటూ ఎన్ని తప్పులు పట్టినామో!

ఆ కళ్లే తర్వాత పోయినాయి. అక్షరాల మధ్య భాగం చెరిగిపోతోందని మొదట ఒకరోజు టీ తాగుతూ చెప్పింది, అద్దాలు మార్చాలేమో అంది. బెంగళూరులో చూపించినాం, హైదరాబాదులో చూపించినాం. కంటి వెనక పొరకు వచ్చిన జబ్బు, మందు లేదన్నారు. అక్షరాలు పెద్దవి చేసుకుంటూ వచ్చింది. చివరికి స్క్రీన్ మీద రెండు మాటలు పట్టేంత పెద్దవైనాయి. ఒక శుక్రవారం ఎవరికీ చెప్పకుండా రాజీనామా పంపి, గిద్దలూరులో వాళ్లమ్మ దగ్గరికి వచ్చేసింది.

ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. కూర ఏంది, వాన పడిందా, ఖాలా మోకాళ్లు ఎట్లున్నాయి, ఇవే మాటలు. వాళ్లమ్మను నేను మొదటినుంచీ ఖాలా అనే పిలిచేదాన్ని. పని సంగతి ఎత్తితే మాత్రం ఆమె, “పొయ్యి మీద పాలున్నాయే,” అని పెట్టేసేది. ఇద్దరం ఒకే రైలుదారి మీద ఉన్నా నేను పోలేదు, ఆమె రమ్మనలేదు.

ఆ మంగళవారం ఫోన్ చేసి, “నీ ఫంక్షన్ ఒకటి మారుస్తన్నారు. కారణం ఉందని రాసినావు చూడు, అదేందో నాకు అర్థం కాలేదు. వచ్చేదా?” అన్నాను.

ఈసారి పాల మాట రాలేదు.

“రా,” అంది.

మరుసటి రోజు సెలవు పెట్టి, ల్యాప్‌టాప్ సంచీలో వేసుకుని, మార్కాపురం రోడ్ స్టేషన్‌లో రైలెక్కినాను. తర్లుపాడు దాటినాక కిటికీ పక్కన చోటు దొరికింది. కంభం, ఆ తర్వాత నల్లమల కొండలు దగ్గరైనాయి. రైల్లో ప్యాచ్ ఇంకోసారి తెరిచి చదివినాను. అప్పుడూ బాగానే అనిపించింది. అసలు అడగాల్సిన పని లేదని నాకు లోపల తెలుసు. ఆమె పక్కన కూర్చోవాలని ఉండింది, అంతే. దానికొక సాకు దొరికింది.

తలుపు ఖాలా తీసింది. “ఎన్నాళ్లకమ్మా! ఇంతేనా మేము?” అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. నా స్నేహితురాలు లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఉంది. ముఖం నా వైపు తిప్పింది గానీ చూపు నా చెవి పక్కకు పోయింది. నేను గుమ్మంలోనే ఆగిపోయినాను. అది ఆమెకు తెలిసినట్టుంది.

“అట్ల చూస్తేనే నువ్వు కనపడతావు,” అంది నవ్వుతూ. “నేరుగా చూస్తే ముఖం ఉండదు, అంచుల్లో ఉంటాది. లావైనావే నువ్వు.”

“నువ్వు మాత్రం?”

“నేనూ అంతే. మా అమ్మ తినిపిస్తాది.”

ఖాలా టీ ఇచ్చి వంటింట్లోకి పోయింది. నేను మంచం మీద ఆమె పక్కనే కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాను. ముందు ఆ కామెంట్ చదివినాను. కారణం ఏందే అని అడిగినాను.

ఆమె ఆలోచించింది. పెదాలు కదిలినాయి, వేళ్లు మోకాలి మీద తాళం వేసినాయి. “ఉండింది,” అంది చివరికి. “కారణం ఉండింది. ఆ రోజు నువ్వు ఆకలి ఆకలని గోల చేస్తన్నావు, తర్వాత రాద్దామనుకుని లేచినా. ఇప్పుడు గుర్తులేదు.”

నవ్వబోయినాను, ఆమె ముఖంలో నవ్వు లేదు. ఒకప్పుడు ఏ ఫైల్లో ఏ లైనుందో చెప్పగలిగిన మనిషి.

“సరే, ఆ కొత్తాయన రాసింది చదువు,” అంది.

మొదలుపెట్టినాను. పైకి కోడ్ చదవడం నాకు అలవాటు లేదు, గబగబా పోతున్నాను. “నిదానంగా. బ్రాకెట్లు కూడా చెప్పు,” అంది. మళ్లీ మొదటినుంచి చదివినాను. కళ్లు మూసుకుని వింటోంది. మొదట అడ్రస్ హద్దు దాటిందేమో చూస్తన్నాడు, తర్వాత తీసివేత, తర్వాత మిగిలినదాంతో పొడవును పోలుస్తన్నాడు.

“ఆగు. తీసివేత చేసి, వచ్చింది ఎందులో పెట్టినాడు?”

“మిగులు అని ఒక వేరియబుల్‌లో.”

“దాని సైజు?”

చూసినాను. రైల్లో చూసిన లైనే, ఇంటి దగ్గర చూసిన లైనే. అడ్రస్ పట్టాలంటే అరవైనాలుగు బిట్లు, అంటే అన్ని గళ్లు, కావాలి. ఈ మిగులుకు అతను ముప్పైరెండే ఇచ్చినాడు. పెద్ద అంకె రాయాల్సిన చోట గళ్లు సగమే ఉంటే ఏమౌతుంది? ముందు అంకెలు రాలిపోయి చివరి అంకెలే మిగులుతాయి. మెమరీ తక్కువున్న కంప్యూటర్‌లో ఇది బయటపడదు. ఎక్కువున్నదాంట్లో ఎంతో చోటు మిగిలి ఉన్నా సున్నా మిగిలిందని కూడా లెక్క రావచ్చు. డిస్కు చదవాలని లోపలిది ఎన్నిసార్లు అడిగినా మా కోడ్ కాదు కాదంటుంది.

“ముప్పైరెండు,” అన్నాను.

“అరే అల్లా!” అని తొడ మీద చరిచింది. “చూసినావా? పెద్ద మెషీన్లన్నీ పడుకుంటాయి. నువ్వు కానియ్యమనబోయినావు కదా?”

“అనబోయినా.”

“మనసులో చదివినావు, అందుకే!”

అంతే, ఇక ఆమెను పట్టలేకపోయినాను. ఈ ఫంక్షన్‌ను ఎక్కడెక్కడినుంచి పిలుస్తన్నారో వెతకమంది. ఒక్కొక్కటీ చదవమంది. పొడవు సున్నా అయితే ఏమౌతాదని వాదించింది, నేను కాదంటే గట్టిగా కాదంది. ఖాలా తలుపు దగ్గరికి వచ్చి, కూతురి కేకలు విని, ఒక క్షణం నిలబడి, ఏమీ అనకుండా వెనక్కి పోయింది. అన్నం వడ్డించినాక కూడా మేము లేవలేదు. బెంగళూరులో ఆ రెండు కుర్చీల్లో కూర్చున్న రోజుల్లో నేను ఇంత సంతోషంగా ఉన్నానా అంటే, అప్పుడు ఆ సంగతి నాకు తెలియదు.

జవాబు ఆమే చెప్పింది, నేను టైపు చేసినాను. ముందు అతను పట్టిన తప్పును మెచ్చుకోమంది. “కొత్తోడు. మొదటి మాటే తిట్టయితే మళ్లీ రాడు.” తర్వాత సైజు సంగతి, తర్వాత ఆ పాత కామెంట్ తీసేయమని. “కారణం తెలియని మాట ఎందుకు? కొట్టెయ్యమను,” అంది. ఆ లైను టైపు చేయడానికి నాకు చెయ్యి రాలేదు. ఆమె కోసం చేసినాను.

చూసినవాళ్ల పేర్లు రాసేచోట, “నీ పేరు కూడా పెట్టేదా?” అన్నాను.

“నేను చూసినానని ఎట్ల రాస్తావే?” అంది. మళ్లీ తనే, “పెట్టు. పాత మెయిల్ అడ్రస్‌తోనే పెట్టు,” అంది.

కంప్యూటర్ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంది కదా, నేర్చుకోరాదా అని తింటున్నప్పుడు అడిగినాను. ప్రయత్నం చేసినానంది. “చూపు అసలు లేనోళ్లు దాంతో ఎంత పని చేస్తన్నారో నాకు తెలుసు. నాకింకా చేతకావడం లేదు. ఆ గొంతు ఆగదు, వాదించదు. రెండు నిమిషాలకు ఎక్కడున్నానో మరిచిపోతా.” పప్పు కలుపుకుంటూ మెల్లగా, “కోపం కూడా వస్తాదే. కళ్లుంటే ఒక్క చూపు కదా అని,” అంది.

సాయంత్రం రైలుకు లేచినాను. గుమ్మం దాకా గోడ పట్టుకుని వచ్చింది. చెప్పులు వేసుకుంటుంటే, “ఒక మాట,” అంది.

“చెప్పు.”

“ఇంక ఇట్లాంటివి తేవొద్దు.”

నేను తల ఎత్తి చూసినాను. ఆమె చూపు నా చెవి పక్కనే ఉంది.

“బాగలేదా?”

“బాగుంది. అదే కష్టం. నువ్వు పోతావు, నేను రేపు పొద్దున లేస్తా. రేపు ఎవరు చదువుతారు నాకు? మర్చిపోయి కొన్నాళ్లు హాయిగా ఉంటిని.” గొంతు స్థిరంగానే ఉంది. “నువ్వు రా. ఊరికే రా. దాన్ని తేవొద్దు.”

సరేనన్నాను.

కొత్తవాడు వారంలోపే సరిచేసి మళ్లీ పంపినాడు. ఇద్దరికీ కృతజ్ఞతలు అని రాసినాడు, మేమిద్దరం ఒక ఆఫీసులో పక్కపక్కన ఉన్నామనుకున్నాడేమో. మార్పు కోడ్‌లో కలిసింది. కింద నా పేరు, దాని కింద ఆమె పేరు. ఆ సంగతి చెబుదామని ఫోన్ చేస్తే ఖాలా ఎత్తి, “పడుకుందమ్మా,” అంది. పడుకోలేదని ఆ గొంతులోనే తెలిసింది. నేను మళ్లీ చేయలేదు.

చాలా రోజులు గడిచినాక ఒక మధ్యాహ్నం ఆమే చేసింది. కూర సంగతి అడగలేదు, వాన సంగతి అడగలేదు.

“ఆ ఫంక్షన్‌కు టెస్ట్ రాసినారా?”

“లేదే.”

“రాయి మరి. పెద్ద మెమరీ పెట్టి రాయి, లేకుంటే ఇంకొకడు వచ్చి మళ్లీ అదే చేస్తాడు.” ఏ అడ్రస్‌తో, ఏ పొడవుతో పరీక్ష పెట్టాలో చెప్పుకుంటూ పోయింది. ఇన్నాళ్లూ లోపల లెక్క వేసుకుంటూనే ఉందని నాకప్పుడు తెలిసింది. నేను కాగితం వెతుక్కునేలోగా సగం చెప్పేసింది. మళ్లీ చెప్పవే అంటే చెప్పింది. అయిపోయినాక, “పెట్టేస్తా,” అంది.

“నేను వచ్చేదా?” అన్నాను.

“ఇప్పుడొద్దు,” అంది. “నేను చెప్తా.”

టెస్ట్ రాసి పంపినాను. మేడమీద గదిలో నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీకి చోటుంది, మా పిల్లల పాత పుస్తకాల కట్ట తీసేస్తే చాలు. నిన్న తీసేసినాను. ఆమె ఇంకా ఫోన్ చేయలేదు.