మావిస్ పిన్ని లాయర్ని పెట్టుకోలేదు

మావిస్ పిన్ని పంతొమ్మిదేళ్లుగా మా కౌంటీలో బడి బస్సు నడుపుతోంది. ఈ వర్జీనియా కొండల్లో మంచు కురిసిన రోజున కూడా ఆమె బస్సు చక్రం రోడ్డు దిగలేదు. అలాంటి మనిషి మార్చిలో ఒక మధ్యాహ్నం, సొంత కారులో, దిగుడు రోడ్డు మీద ట్రక్కును దాటబోయి పోలీసుకు దొరికింది. గంటకు డెబ్బై మైళ్లు దాటకూడని చోట ఎనభై ఎనిమిది.

జరిమానా కట్టేసి మరిచిపోదామనుకుంది. మూడో రోజున ఆమె తపాలా పెట్టెలో తొమ్మిది కవర్లు. తొమ్మిదీ లాయర్లవే, కోర్టు జాబితాలో పేరు చూసి కేసు మాకివ్వమని రాసినవి. ఇంట్లోవాళ్లకే చెప్పని సంగతి ముక్కూ మొహం తెలియని తొమ్మిది మందికి తెలిసిపోయింది. వెంటనే నాకు ఫోన్ చేసింది.

"ఒరే, ఏడాది దాకా జైలట్రా! నేనేం చేశానని?"

వెళ్లి పోలీసు రాసిచ్చిన చీటీ చదివి చూశాను. నిజమే. మా రాష్ట్రంలో ఎనభై అయిదు దాటితే అది జరిమానాతో పోయే తప్పు కాదు, నేరం. జైలు సంగతి అటుంచితే, ఆ నేరం పేరు మీద పడ్డ మరుక్షణం బడివాళ్లు బస్సు తాళాలు తీసేసుకుంటారు.

పక్కింటి ఓర్విల్ ముప్పై ఏళ్లు ట్రక్కు తోలినవాడు. ఆ కవర్లను బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు.

"కళ్లు మూసుకుని ఒకటి తియ్యి మావిస్. ఎవడైనా ఒకటే."

"నేను చేసినదానికి ఇంకొకడు మాట్లాడ్డమేంటి? నాకు నోరు లేదా?"

"ఉంది. అదే నా భయం. లాయరుకి డబ్బులిచ్చేది నీ నోరు కట్టెయ్యడానికే."

"మూడుసార్లు దొరికినోడివి, నీకు అలవాటే."

"మూడు కాదు, ఆరు. లైసెన్సు ఇంకా జేబులోనే ఉంది, చూస్తావా?"

నేనూ బతిమాలాను. పిన్ని వినలేదు. "ఇన్నేళ్లలో నా మీద ఒక్క మచ్చ లేదు. ఆ మాటే జడ్జికి చెప్తా. ఆయనా మనిషేగా!" అంది. ఆ మాట నేను నమ్మాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

కోర్టులో మాకంటే ముందు ఒక ఇళ్ల వ్యాపారిని పిలిచారు. తొంభై ఆరు మీద దొరికాడు. అతను నోరే తెరవలేదు. అతని లాయరు ఒక కాగితం అందించి, "కారు స్పీడోమీటరు తప్పు చూపిస్తోందండీ" అన్నాడు. జడ్జి ఆ కాగితం వైపు చూడనైనా లేదు. నేరం కొట్టేసి, దాని బదులు "స్పీడోమీటరు లోపం" అని రాసి, జరిమానాతో పంపేశాడు. పట్టుకున్న పోలీసు గోళ్లు చూసుకుంటున్నాడు. ఆ కారు బయటే ఉంది, ఈ ఏడాది మోడలు.

తర్వాత పిన్ని. లాయరు వద్దని సంతకం పెట్టింది. ప్రమాణం చేసి, జరిగిందంతా చెప్పింది. జడ్జి ఆమె రికార్డు చాలాసేపు చూసి కళ్లద్దాలు తీశాడు.

"మిసెస్ స్ట్రౌప్, మీ కారు స్పీడోమీటరు సరిగ్గా పనిచేస్తోందా?"

ఆ వ్యాపారి బయటపడ్డ తలుపునే ఆయన ఆమె కోసమూ తీసి పట్టుకున్నాడు.

పిన్ని ముఖం చిన్నబుచ్చుకుంది. "భేషుగ్గా ఉందండీ. పోయిన నెలే కారు పరీక్ష చేయించాను. ముల్లు ఎనభై ఎనిమిది మీద ఉండటం నేనే చూశా."

"ఆలోచించి చెప్పండి. ఒక్కోసారి తక్కువ చూపిస్తుంది."

"మాది అలాంటిది కాదండీ."

వెనక ఎవరో నవ్వారు. జడ్జి కళ్లద్దాలు పెట్టుకుని రాశాడు. జైలు లేదు. జరిమానా కూడా ఆ వ్యాపారికి వేసినదాని కంటే తక్కువే. నేరం మాత్రం అలాగే ఉంచాడు.

వరండాలో అరిచేశాను. "ఆయన నిన్ను వదిలేద్దామని చూశాడు పిన్నీ! సరిగ్గా లేదంటే అయిపోయేది!"

"ప్రమాణం చేసి అబద్ధం ఆడమంటావేరా?"

"మరి ఆ వ్యాపారో?"

"అతను ప్రమాణం చెయ్యలేదుగా. అసలు నోరే..." అని ఆగిపోయింది. గోడ పక్క బల్ల మీద కూలబడింది.

పై కోర్టుకు వెళ్లడానికి పది రోజుల గడువుంది. ఈసారైనా లాయర్ని పెడదామన్నాను. "ముల్లు బాగుందని అంతమందిలో చెప్పి, ఇప్పుడు పాడైందని చెప్పించనా?" అంది. పది రోజులూ గడిచిపోయాయి.

పదకొండో రోజున బస్సుల అధికారి ఇంటికొచ్చాడు, ఆమె కళ్లలోకి చూడకుండా చెయ్యి చాచాడు. పిన్ని తాళాలు ఆ చేతిలో పెట్టింది.

"కుడి అద్దం వదులైంది. కొత్తగా వచ్చేవాళ్లకి చెప్పు," అంది.