వానొస్తే పలకని కంప్యూటర్

నేను రిటైర్ కావడానికి సరిగ్గా రెండేళ్ల ముందు, జూన్ రెండో వారం, సోమవారం ఉదయం గార్లదిన్నె వైపు ఒక రైతు సంఘం ఆఫీసుకు వెళ్లమని నాకు ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను అనంతపురంలో ఒక సాంకేతిక విభాగంలో సీనియర్ టెక్నీషియన్‌ని. మా విభాగంలో హోదాలు మూడు. పైన అధికారి, ఆయన ఫైళ్లు చూస్తారు. మధ్యలో నేను. కింద జూనియర్ టెక్నీషియన్లు, పని చేసేది వాళ్లు. జూనియర్ వెళ్లి వచ్చినా పని కాకపోతేనే సీనియర్‌ని పంపడం మా పద్ధతి. కాబట్టి నన్ను పంపారంటే అప్పటికే అక్కడ అందరూ కోపంగా ఉన్నారని అర్థం.

సంఘం పేరు రాయను. ఉన్నవి మూడే కంప్యూటర్లు. లోపలి గదిలో ఒకటి, దాంట్లో రైతుల జాబితా, విత్తనాల నిల్వ ఉంటాయి. దాన్ని మెయిన్ అనేవారు. బయట కిటికీల దగ్గర రెండు. రైతు వచ్చి వేలిముద్ర వేస్తే, బయటి కంప్యూటర్ లోపలి జాబితాను అడిగి, చీటీ అచ్చు వేస్తుంది. ఆ చీటీ చూపిస్తేనే గోడౌనులో చెనక్కాయ, అంటే వేరుశనగ, విత్తనాలు ఇస్తారు. చేతిరాత చీటీలు చెల్లవని పైనుంచి గట్టి ఉత్తర్వు.

శుక్రవారం సాయంత్రం మంచి వాన పడింది. మా సీమలో అలాంటి వాన పడ్డాక రైతుకు నాలుగైదు రోజులే గడువు. ఎర్రనేలలో పదును, అంటే విత్తడానికి కావలసిన తడి, అంతకంటే నిలవదు. శనివారం తెల్లవారకముందే సంఘం ముందు వరుస కట్టారు. సరిగ్గా ఆ పొద్దే బయటి కంప్యూటర్లు రెండూ 'మెయిన్ దొరకడం లేదు' అని తెర మీద రాసి కూర్చున్నాయి. మా జూనియర్ వెళ్లి వైరు మొత్తం మార్చి వచ్చాడు. ఆదివారమూ అదే తంతు.

నేను వెళ్లేసరికి పదిన్నర. వరండాలో వందమందికి తక్కువ లేరు. సంఘం కార్యదర్శి సరళ మేడమ్ ఎదురొచ్చి, కుర్చీ చూపించకుండానే మొదలుపెట్టింది. "ఏం సార్, మీవాళ్లు వైరు మార్చి పోయినారు, నేను రెండు దినాలుగా రైతులతో తిట్లు తింటాండాను. పోయినేడు కూడా ఇంతే. వానొస్తే చాలు, ఈ మిషన్లకు జబ్బొస్తాది."

పోయినేడు కూడా వైరే మార్చారు. మూడు నాలుగు రోజులకు దానంతట అదే బాగుపడింది. మా ఫైలులో మాత్రం 'తడిసిన వైరు మార్చి సరిచేయడమైనది' అని ఉంది. వానకూ వైరుకూ సంబంధం కనబడితే ఎవరైనా అదే రాస్తారు. నేనూ దారిపొడవునా తడి గురించే ఆలోచిస్తూ వచ్చాను.

చదివేవారి కోసం ఒక మాట చెప్పాలి. కంప్యూటర్లు ఒకదాన్నొకటి నెంబరుతో గుర్తుపడతాయి, మనుషులు పేరుతో. 'మెయిన్' అని మనం పిలిస్తే, ఆ పేరుగల యంత్రం ఏ నెంబరులో ఉందో ఎవరో ఒకరు చెప్పాలి. ఊళ్లో ఫలానావారి ఇల్లు ఎక్కడని అడిగితే, వీధి మొదట్లో కూర్చున్న మనిషి చెయ్యి చూపించినట్టు. ఆ చూపించే మనిషి తప్పు ఇల్లు చూపిస్తే ఏమవుతుందో ఆ రోజు నాకు తెలిసొచ్చింది.

కిటికీ దగ్గరి రెండో కంప్యూటర్ ముందు కూర్చుని, మెయిన్‌ని పేరు పెట్టి పిలిచే ఆదేశం ఇచ్చాను. మా భాషలో దీన్ని పింగ్ అంటారు. అవతల యంత్రం బతికి ఉంటే 'ఉన్నాను' అని జవాబు వస్తుంది. టక్కున వచ్చింది. నాలుగుసార్లు పిలిస్తే నాలుగుసార్లూ పలికింది. దాంతో పేరు, వైరు రెండూ బాగున్నాయని తేల్చేశాను. జవాబు ఇచ్చింది మెయినేనా అని చూడాలన్న ఆలోచనే రాలేదు. పేరు పెట్టి పిలిస్తే పలికినవాడిని నువ్వు నువ్వేనా అని ఎవరడుగుతారు? ఇక మిగిలింది ప్రోగ్రామ్ లోపమే అనుకుని, దాన్ని తీసి మళ్లీ వేశాను. వైరస్‌లను అడ్డుకునే కాపలా ప్రోగ్రామ్‌లు ఆపి చూశాను. డబ్బాలు విప్పి దుమ్ము కూడా దులిపాను. ఒంటిగంట అయింది. చొక్కా తడిసిందే తప్ప ఒక్క చీటీ రాలేదు.

మెయిన్ చూసే గుమాస్తా పేరు మస్తాన్. ఇరవయ్యేళ్ల సర్వీసు, మాట తక్కువ. మధ్యాహ్నం లోపలికి వచ్చిన సరళ మేడమ్ చేతిలో టైపు చేసిన కాగితం ఒకటి ఉంది. మెయిన్ కంప్యూటర్ నిర్వహణలో అశ్రద్ధ చూపినందుకు మస్తాన్ సంజాయిషీ ఇవ్వాలని. సంతకమొక్కటే తక్కువ. పైవాళ్లకు ఏదో ఒకటి చూపించాలి కదా సార్, అంది. నేను కాదనలేదు. అంతేకాదు, ఈ నెట్‌వర్క్ పెట్టినవాడు ఎవడో పని తెలియని మనిషి అని ఆమె ముందే, మస్తాన్ వింటుండగానే అన్నాను. మస్తాన్ తల వంచుకుని విన్నాడు.

తల వేడెక్కి వరండాలోకి వచ్చాను. అక్కడ గోడకు ఆనుకుని ఒక పెద్దావిడ సంచి మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పేరు నారమ్మ. మూడెకరాల ఎర్రచేను. శనివారం నుంచి రోజూ వస్తోంది.

"ఏమప్పా, ఈపొద్దన్నా ఇస్తారా? రేపు దాటితే నా చేన్లో పదును ఆరిపోతాది. దుక్కి దున్ని పెట్టుకోనుండాను" అని అడిగింది.

వానకు వైర్లు తడిశాయమ్మా అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"వాన యాడ పడింది, వైరు యాడ ఉండాది? వైరు గోడ లోపల్నే ఉండాది గదా. నేను ఎరువులకు, వాటికి వీటికి ఎన్నిసార్లు రాలేదు ఈడికి? ఎప్పుడొచ్చినా మస్తానన్నే ముందొచ్చి తలుపు తీస్తాడు. ఆయప్ప కూర్చుంటే మిషన్లన్నీ బాగా పలుకుతాయి. విత్తనాలు వచ్చినప్పుడే ఆయప్పను గోడౌనుకు తోల్తారు. ఇంగ మిషన్లు మొండికేస్తాయి."

నవ్వి లేవబోయాను. మస్తాన్ చేతిలో మహిమ ఉందని ఆమె నమ్మకం అనుకున్నాను. రెండడుగులు వేశాక కాళ్లు ఆగిపోయాయి. ఆమె మహిమ గురించి చెప్పడం లేదు, ఎవరు ముందు వస్తారో చెబుతోంది. తిరిగి లోపలికి పోయి ఒక పని చేశాను. పొద్దున రాగానే చేయాల్సిన పని. రెండో కంప్యూటర్‌లో మెయిన్‌ని ఆగకుండా పిలిచే ఆదేశం పెట్టి, లోపలి గదికెళ్లి మెయిన్ వెనకున్న వైరు పీకేశాను.

తిరిగొచ్చి తెర చూస్తే, జవాబులు వస్తూనే ఉన్నాయి.

ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇంక్రిమెంట్ వచ్చినప్పుడు కూడా కలగలేదు. మెయిన్ పేరుతో పిలిస్తే వేరే ఎవరో పలుకుతున్నారు. చూస్తే అది పక్కనే ఉన్న మొదటి కిటికీ కంప్యూటర్! మెయిన్ నెంబరు దాని దగ్గరుంది. దాని దగ్గర రైతుల జాబితా లేదు కాబట్టి, పిలిస్తే పలికేది గానీ అడిగితే ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ లేదు.

మస్తాన్‌ని పిలిచి పొద్దున్నుంచి ఏమేం చేస్తాడో అడిగాను. అతను వరసగా చెప్పాడు.

"సాయంత్రం పోయేటప్పుడు అన్ని ప్లగ్గులూ పీకేస్తాను సార్. పిడుగు పడి ముందొకసారి టీవీ కాలిపోయింది. పొద్దున నేనే ముందొచ్చి, మొదట ఆ నెట్ డబ్బాకు కరెంటు పెట్టి, మెయిన్ ఆన్ చేస్తాను. తర్వాత ఆపరేటర్లు వచ్చి వాళ్లవి చేసుకుంటారు. విత్తనాలప్పుడు మాత్రం నేను గోడౌను తాళం తీసి, లారీ దింపుకోని, పదింటికి వస్తాండా. అంతకుముందే వాళ్లొచ్చి ఆన్ చేసుకోనుంటారు."

నెట్ డబ్బా అంటే రౌటర్. ఏ యంత్రానికి ఏ నెంబరో పంచేది అదే. ఆ సంఘంలో ఉన్నది చౌక రకం. కరెంటు తీస్తే ముందురోజు ఎవరికి ఏది ఇచ్చిందో మరిచిపోతుంది. పొద్దున ఎవరు ముందు అడిగితే వాళ్లకు మొదటి నెంబరు ఇస్తుంది. ఏడాదంతా మస్తాన్ ముందు వచ్చేవాడు కాబట్టి మెయిన్‌కు రోజూ అదే మొదటి నెంబరు దొరికేది. గోడౌను చూసే మనిషి ఏడాదిన్నర కిందట రిటైరయ్యాడు. ఆ ఖాళీ భర్తీ కాక మస్తాన్‌కు అదనంగా ఆ పని పడింది. అందుకే పోయినేడు, ఈయేడు మాత్రమే, అదీ వాన పడి విత్తనాలు పంచే రోజుల్లో మాత్రమే జబ్బు. ఆ ఆఫీసు నెట్‌వర్క్ అంతా ఒక మనిషి వేళ తప్పని అలవాటు మీద నడుస్తోంది. అది తెలియక అతనికే సంజాయిషీ అడుగుతున్నాం.

ముందు చీటీలు కావాలి. మూడు కంప్యూటర్లనూ, రౌటర్‌నీ ఆపించాను. "మస్తాన్, రోజూ చేసినట్టే చెయ్యి" అన్నాను. అతను రౌటర్ పెట్టాడు, మెయిన్ ఆన్ చేశాడు, ఆ తర్వాతే బయటివి. ఐదు నిమిషాల్లో మొదటి చీటీ చర్రుమని వచ్చింది. వరండాలో ఎవరో ఈల వేశారు. నారమ్మ వంతు ఇరవై చీటీలలోపే వచ్చింది. చీటీ తీసుకుని నాకేసి ఊపి, "వైరు ఆరిందా నాయనా?" అని గోడౌను వైపు పోయింది. అందరూ నవ్వారు, నేను కూడా.

సాయంత్రం వరుస తగ్గాక శాశ్వతమైన పని చేశాను. మెయిన్‌కు రౌటర్ పంచని నెంబరు ఒకటి స్థిరంగా కేటాయించాను. ఇక ఎవరు ముందు వచ్చినా ఫరవాలేదు. మిగిలిందల్లా బయటి కంప్యూటర్లలో పాత నెంబరు ఎక్కడ రాసి ఉందో చూసి మార్చడం. ప్రతి కంప్యూటర్‌లోనూ పేర్లు, నెంబర్లు చేత్తో రాసిపెట్టుకునే చిన్న పట్టీ ఒకటుంటుంది. చూపించే మనిషి ఎవరూ లేనిచోట టెక్నీషియన్లు అందులో రాసేస్తారు. రోజూ మారగలిగే నెంబరును అందులో రాయకూడదు. ఇది మొదటి పాఠం. దాన్ని తెరుస్తూ, ఆ పని తెలియని మహానుభావుడెవరో ఇప్పుడు తెలుస్తుందని సరళ మేడమ్‌తో అన్నాను.

పట్టీలో మెయిన్ పేరు, పక్కన మొదటి నెంబరు ఉన్నాయి. పైన ఒక వరుస: 'తాత్కాలికం, తర్వాత మార్చాలి.' దాని చివర రెండు పొడి అక్షరాలు. అవి నావి. ఏ మార్పు చేసినా పొడి అక్షరాలు రాయాలని జూనియర్లకు ప్రతి శిక్షణలో చెప్పేది నేనే.

మస్తాన్ మెల్లగా అన్నాడు. "ఐదేండ్ల కిందట మీరే వచ్చినారు సార్. ఉగ్గాని తిని పోండంటే, బస్సుకు టైమైందని పోయినారు."

మరి పొద్దున నేను అన్ని మాటలంటుంటే ఎందుకు చెప్పలేదని అడిగాను. "సీనియర్ సార్‌కు అందరి ముందర యెట్ల చెప్పేది సార్?" అన్నాడు. సరళ మేడమ్ తన చేతిలోని సంజాయిషీ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయింది. ఆ రోజు బొరుగుల ఉగ్గాని తినే బయల్దేరాను. బస్సు పోయింది, ఇంకో బస్సు వచ్చింది.

మా నివేదికలో 'లోపానికి కారణం' అనే గడి ఉంటుంది. 'సీనియర్ టెక్నీషియన్ ఐదేళ్ల కిందట తాత్కాలికంగా చేసి మరిచిన పని' అని రాసి కింద నా సంతకం పెట్టాను. అధికారి చదివి, ఇలా కూడా రాస్తారా అని అడిగారు. వైరు తడిసిందని రెండుసార్లు రాశాం కదా సార్, మూడోసారి నిజం రాద్దామని చెప్పాను.

ఆ తర్వాత సర్వీసులో మిగిలిన రెండేళ్లూ ఏ ఆఫీసుకు పోయినా, కంప్యూటర్ ముట్టుకోకముందు ఒకటే అడిగేవాణ్ని: పొద్దున మొదట వచ్చేదెవరు, వచ్చి ఏం చేస్తారు? సగం జబ్బులు ఆ జవాబులోనే దొరికేవి. తాత్కాలికం అని రాసిన ప్రతి పనికీ, మళ్లీ వచ్చి మార్చే రోజును నా డైరీలో రాసుకునేవాణ్ని. ఈ రెండూ ఐదేళ్ల ముందే నేర్చుకుని ఉంటే నారమ్మ మూడు రోజులు ఆ వరండాలో కూర్చునేది కాదు.