అత్త పెట్టని మచ్చ

నా చిన్నప్పుడు సూర్యాపేటలో మా పెదనాయనకు గాసునూనె డిపో ఉండేది. కిరోసిన్‌ను అప్పట్లో మేమంతా గాసునూనె అనేవాళ్ళం. మోతె, నడిగూడెం వైపు నుంచి కూడా ఎడ్లబండ్లు వచ్చి డబ్బాలు నింపుకుని పోయేవి. బెజవాడ నుంచి లారీలో వచ్చిన నూనెను మా ఇంటి పక్క ఖాళీ జాగాలో, రాతి దిమ్మెల మీద నిలబెట్టిన పెద్ద ఇనుప ట్యాంకులో పోసేవాళ్ళు. ట్యాంకుకు అవతల నేల పల్లంగా ఉండేది. ఆ పల్లంలోనే వాడకట్టంతా నీళ్ళు తోడుకునే చేదబావి, బావి పక్కనే కమ్మరి కొలిమి. నూనె గనక కారితే పోయేది అటే.

పెదనాయన ఎప్పుడూ కోదాడ, మిర్యాలగూడ తిరుగుతూ ఉండేవాడు. డిపో చూసుకునేది మా మేనత్త. మామ పోయాక పుట్టింటికి వచ్చేసిన మనిషి. గట్టి గొంతు, అంతకంటే గట్టి నవ్వు. ట్యాంకు అతుకులన్నిటి మీదా ఆమె సున్నం పూయించేది. ఎక్కడైనా నూనె చెమ్మగిల్లితే తెల్లటి సున్నం మీద మచ్చ ఇట్టే కనబడుతుంది. ప్రతి శుక్రవారం పొద్దున ఆ అతుకులను వెతకడం పిల్లల పని. అంటే పెదనాయన కూతురైన మా అక్కది, నాది. దిమ్మెల సందుల్లో దూరగలిగేది మేమే మరి.

మొదట్లో సరదాగానే ఉండేది. కానీ ఎన్ని శుక్రవారాలు చూసినా ఏమీ ఉండేది కాదు. విసుగొచ్చి, ట్యాంకు వెనక్కి పోయి కాసేపు అచ్చనగిల్లలాడుకుని, ఏం లేదని చెప్పి వచ్చేవాళ్ళం. అత్త మమ్మల్ని ఏమీ అనలేదు. ఒక రోజు మాత్రం, ఇవాళ మచ్చ కనిపెట్టిన వాళ్ళకు పల్లిపట్టి అని ప్రకటించింది. వెతికాం. నిజంగానే దొరికింది! ఆ పై వారం కూడా దొరికింది, ఇంకోచోట.

ట్యాంకుకు అంత తొందరగా అన్ని జబ్బులు ఎలా వచ్చాయో మాకు కొన్నాళ్ళు అర్థం కాలేదు. ఒక శుక్రవారం అక్క ముందుగా లేచి కిటికీలోంచి చూస్తే, అత్త వేలితో ఇంత గాసునూనె తీసి సున్నం మీద అద్ది, కొంగుకు వేలు తుడుచుకుంటోందట. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఆమెకు తెలియనివ్వలేదు. అత్త దాచడం, మేం వెతకడం. ఆ ఆట కోసం వారమంతా ఎదురుచూసేవాళ్ళం.

అలాంటి ఒక శుక్రవారం ట్యాంకు నిండుగా ఉంది. లారీ వచ్చి రెండు రోజులే అయింది. నేను బోర్లా పడుకుని పల్లం వైపు దిమ్మెల మధ్య పాకుతుంటే, అడుగు అతుకు మీద రూపాయంత మచ్చ కనబడింది. ఎగిరి గంతేసినంత పనిచేసి కేకపెట్టాను.

"అత్తా, దొరికింది! పల్లిపట్టి నాదే!"

"మచ్చ పెట్టేది అత్తనే గదా, ఎందుకే గంత ఒర్రుతవ్?" అంది అక్క, ఆమెకు వినబడకుండా.

అత్త నవ్వుతూ వచ్చింది. నేను చూపించిన చోటికి వంగింది. నవ్వు ఆగిపోయింది.

"గది నేను పెట్టలేదే పిల్లా," అంది మెల్లగా. "నేను పెట్టింది గాడ, నల్లా పక్కన."

పొడి సున్నం తెచ్చి ఆ మచ్చ మీద అద్దింది. ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. తెల్లగా ఉన్న సున్నం కళ్ళ ముందే మసకబారి, తడిసి, ఈసారి మచ్చ ఇంకా పెద్దదైంది.

అత్త లేచి అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "పొయ్యిలార్పుండ్రి! కొలిమి ఆర్పుండ్రి! గిన్నెలు, గంగాళాలు ఏముంటే గవి పట్టుకొని రాండ్రి!"

అక్క ఒక వైపు, నేనొక వైపు వాడకట్టంతా అదే మాట అరుస్తూ పరుగెత్తాం. ఆడవాళ్ళు ఉడుకుతున్న అన్నం దించి పొయ్యిల్లో నీళ్ళు పోశారు. కమ్మరి తాత కొలిమి మీద బిందె కుమ్మరించి ఉరికొచ్చాడు. బట్టల సబ్బును మెత్తగా పిసికి, గుడ్డపేలికతో కలిపి అతుకులో కూరి, రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చున్నాడు. అవతల ట్యాంకు నల్లా విప్పారు. డ్రమ్ములు నిండాయి, డబ్బాలు నిండాయి, తర్వాత గంగాళాలు, చివరకు మా బాపమ్మ పచ్చడి జాడీలు కూడా. మనుషులు వరసకట్టి చేతులు మారుస్తుంటే మేం మధ్యలో గంతులేస్తున్నాం. భయమో సంతోషమో తెలియని ఊపు. ఆ పూట వీధంతా అటుకులే తింది. ఆ తర్వాత చాన్నాళ్ళు మా వాడకట్టులో స్నానం నీళ్ళకు గాసునూనె వాసన.

ట్యాంకు ఖాళీ అయ్యాక కమ్మరి తాత ఆ చోట సున్నం గీకి, బొటనవేలితో నొక్కాడు. వేలు సరాసరి లోపలికి పోయింది. అడుగున చేరిన నీళ్ళు రేకును లోపలి నుంచి తినేసి కాగితంలా చేశాయి.

"ఇంకో రోజైతే బాయి ఖతం, నేను గూడ ఖతం," అన్నాడు ఆయన. అత్త మా ఇద్దరినీ దగ్గరికి లాక్కుని, ఎముకలు నొప్పి పుట్టేలా వాటేసుకుంది.

కొత్త రేకు వేయించి, మళ్ళీ నూనె నింపిన తర్వాత శుక్రవారం వచ్చింది. ఈసారి బుద్ధిగా అంగుళం కూడా వదలకుండా వెతికాను. ఎక్కడా మచ్చ లేదు. అత్త కూడా పెట్టలేదు. చిన్నబోయిన ముఖంతో వచ్చి, "ఏం లేదత్తా" అన్నాను.

"సూసి చెప్తున్నవా?"

"అంతా సూసిన."

"ఇగ గదే నాక్కావాల్సింది. సూసి ఏం లేదంటే, ఈ వాడకట్టు ఇయ్యాల నిమ్మళంగ పొయ్యి ముట్టిస్తది," అని దోసిట్లో పల్లిపట్టి పెట్టింది. ఏమీ దొరకనందుకు బహుమానం అందుకోవడం నాకు అదే మొదలు.

తర్వాత నేను మిర్యాలగూడ దవాఖానలో నర్సునై, అక్కడే తల నెరిసే దాకా పనిచేశాను. రేపు ఇంటికి పోతాడనుకున్న రోగి పక్కన కూడా ఆగి, దుప్పటి తొలగించి, కట్టు చూసి, చేయి పట్టుకుని నాడి లెక్కపెట్టేదాన్ని. బాగానే ఉన్నాను కదమ్మా, మళ్ళీ ఏం చూస్తావని వాళ్ళు నవ్వేవాళ్ళు. బాగానే ఉన్నావు నాయనా, చూసిన తర్వాతే ఆ మాట అంటున్నాను అని చెప్పి, పక్క మంచం దగ్గరికి వెళ్ళేదాన్ని.